తోడల్లుళ్ళ బళ్ళు

లొల్ల లాకులకి కూతవేటు దూరంలో ఒక రిటైరైన లస్కరు ఉన్నారు. నీతి కథన్నాక రాజుగారో, కనీసం ఒక ముసలి నక్కో ఉండాలంటారు. మా డెల్టాలో నీళ్ళు ఆపేదీ వదిలేదీ లస్కరే కాబట్టి ఆ రాజరికమేదో ఆయనకే ఉందనుకోండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ గోదావరి మా పొలాల్లోకి దానంతటది రావడం మానేసింది. ఎవరో ఒకరు తలుపెత్తాలి. ఈయన ముప్పై ఏళ్ళు ఎత్తారు, దించారు, గుర్రపుడెక్క లాగించారు, అర్ధరాత్రి వంతు నీళ్ళ కోసం వచ్చిన రైతుల తిట్లు తిన్నారు. ఇప్పుడు పింఛను తీసుకుంటున్నారు. బ్యాంకు 2020లోనే యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా ఆయన నోట ఇంకా ఆంధ్రా బ్యాంకే.

ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దల్లుడు కొత్తపేట వైపు మూడెకరాలు కౌలుకి చేస్తాడు. చిన్నల్లుడు కడియపులంకలో ఒక నర్సరీలో మొక్కల లారీల లెక్కలు రాస్తాడు, నెలజీతం. సంక్రాంతికి ఇద్దరూ అత్తారింటికి వచ్చారు. రావడం విశేషం కాదు, గోదావరి జిల్లాల్లో అల్లుడు సంక్రాంతికి రాకపోతేనే విశేషం. ఇద్దరూ కొత్త బళ్ళ మీద వచ్చారు, అదీ సంగతి. ఒకటే కంపెనీ, ఒకటే నలుపు రంగు, రోడ్డు మీదకి వచ్చేసరికి సరిగ్గా లక్ష. హ్యాండిల్‌కి బంతిపూల దండ, నంబరు ప్లేటుకి పసుపు బొట్టు.

"లెక్కపెట్టి ఇచ్చేశానండి మావయ్యగారూ," అన్నాడు పెద్దల్లుడు చెప్పులు విప్పకుండానే. "సార్వా ధాన్యం డబ్బులు. ఒక్క సంతకం లేదు, ఒకడికి బాకీ లేదు. అప్పుచేసి బండెక్కితే ఆ బండి మీద కూర్చున్నట్టు ఉండదండి నాకు."

చిన్నల్లుడు నవ్వాడు. "అన్నయ్యగారిది పాతకాలం లెక్కండి. నాకూ చీటీ డబ్బులు లక్ష చేతికొచ్చినయ్. ఇరవై కట్టాను. మిగతా ఎనభై వేలు ఫైనాన్సు. నూటికి రూపాయి వడ్డీ, ఇరవైనాలుగు నెలలు. మనూళ్ళో నూటికి రూపాయికి ఎవడిస్తున్నాడండి ఈ రోజుల్లో? నా ఎనభై వేలు నా దగ్గరే ఉన్నాయ్ గదండీ."

మావగారు ఇద్దరి బళ్ళూ చుట్టూ తిరిగి చూశారు. తర్వాత ఒక్కొక్కరినీ ఒక్క మాటే అడిగారు. పెద్దాయన్ని, "దాళ్వా పెట్టుబడికి ఉంచుకున్నారా అల్లుడుగారూ?" అని. "దానికేముందండి, చూసుకుందాం," అన్నాడు పెద్దల్లుడు. చిన్నాయన్ని, "ఆ ఎనభై వేలకీ ఏదన్నా పని ఉందాండి?" అని. "డబ్బుకి పనేంటండి, చేతిలో ఉంటే అదే ధైర్యం," అన్నాడు చిన్నల్లుడు.

వంటింట్లో అరిసెలు ఒత్తుతూ అత్తగారు ఏదో అన్నారు. ఆవిడకి ఒక గేదె ఉంది, పాల లెక్క క్యాలెండరు మీద పెన్సిలుతో రాస్తారు. బళ్ళు పండక్కే కొనాలని ఏ పంచాంగంలో రాశారో చూపించమని కాబోలు అడిగారు. నూనె చిటపటల్లో ఎవరికీ వినపడలేదు. కనుమ నాడు తోడల్లుళ్ళిద్దరూ పెళ్ళాలని ఎక్కించుకుని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళారు. గంగలకుర్రు ప్రభలు కౌశికలో దిగి గట్టెక్కుతుంటే జనం వాటిని చూశారు గానీ, వీళ్ళు మాత్రం తమ బళ్ళనే చూస్తున్నారనుకున్నారు.

పండగ వెళ్ళిన పది రోజులకి పెద్దల్లుడి చేలో రెండో పంట, అదే దాళ్వా, ఊడ్పులయ్యాయి. కూలీలకి, ఎరువుకి, కలుపుకి కలిపి అరవై వేలు కావాలి. నెల కిందట ఆ డబ్బు ఉంది. ఇప్పుడది వాకిట్లో స్టాండు వేసి ఉంది. సొంత భూమి రైతయితే పంట రుణానికి వెళ్ళేవాడు. సకాలంలో కడితే ఏడాదికి నాలుగు శాతమే పడుతుంది. కౌలు రైతుకి అది రావాలంటే 2019 చట్టం ప్రకారం సాగు హక్కు కార్డు కావాలి, కార్డుకి భూమిగలాయన సంతకం కావాలి. ఆ సంతకం అడిగితే మరుసటేడు కౌలు ఉంటుందో లేదోనని భయం. అందుకని ధాన్యం కమీషన్ కొట్టుకి వెళ్ళాడు. నూటికి రెండు వడ్డీ, నోటు రాసిచ్చాడు. నోట్లో లేని షరతు ఇంకోటుంది: మాసూళ్ళయ్యాక ధాన్యం ఆ కొట్టుకే తోలాలి.

నాలుగు నెలలు తిరిగాయి. పంట బాగానే వచ్చింది. (2023 మే మొదట్లో వానలకి కళ్ళాల్లో ధాన్యం తడిసి మొలకలొచ్చిన సంగతి మావాళ్ళెవరూ మర్చిపోలేదు. ఈ కథలో ఆ కష్టం పెట్టలేదు, ఉన్నది చాలు.) వంద బస్తాలు తోలాడు. బయట పలికే ధర కన్నా బస్తాకి అరవై రూపాయలు తగ్గించి కట్టారు. అక్కడ ఆరు వేలు పోయాయి. అరవై వేలకి నూటికి రెండు చొప్పున నాలుగు నెలల వడ్డీ 4,800. మొత్తం 10,800. ఒక్క సంతకం లేకుండా కొన్న బండికి నాలుగు నెలల్లో అయిన ఖర్చది. నూటికి రెండని తెచ్చిన డబ్బుకి నిజంగా పడింది నూటికి నాలుగున్నర.

మరి చిన్నల్లుడు? అతని ఎనభై వేలూ బీరువాలో ఉన్నాయి, ఉన్నాయనే ధైర్యమూ ఉంది. ఆ ధైర్యంతోనే మొదటి నెల కొత్త ఫోను కొన్నాడు. ఉగాదికి టీవీ. స్నేహితుడొకడు పది రోజుల్లో ఇస్తానని పాతిక తీసుకున్నాడు, ఆ పది రోజులు ఇంకా పూర్తి కాలేదు. ఆషాఢానికి చెల్లెలికి సారె. వినాయక చవితి పందిరికి చందా రాసేటప్పుడు బీరువాలో మిగిలింది చూసుకుని, ఇంత తక్కువుందేమిటని పెళ్ళాన్ని అడిగాడు. ఆవిడ పాపం ఏం చెప్తుంది. నర్సరీలో ఒక నెల జీతం వారం ఆలస్యమైంది. అయిదో తారీఖున ఖాతాలోంచి వాయిదా లాగబోతే డబ్బుల్లేవు. బ్యాంకు ఒక చార్జీ వేసింది, ఫైనాన్సువాళ్ళు ఇంకో చార్జీ వేశారు. ఆ పైన ఒక కుర్రాడు నర్సరీకే వచ్చి, మర్యాదగానే, బండి పక్కన నిలబడి ఫోను చేశాడు. మర్యాదగానే అన్న మాట నిజమే గానీ గులాబీ మొక్కల మధ్య పనిచేసే ఆడవాళ్ళందరూ తలెత్తి చూశారు.

మళ్ళీ సంక్రాంతి వచ్చింది. ఈసారి బళ్ళకి పూలదండల్లేవు. భోజనాలయ్యాక అరుగు మీద చేరబడి పెద్దల్లుడు అన్నాడు: "తమ్ముడు చేసిందే మంచి పనండి మావయ్యగారూ. ఈసారి ఏం కొన్నా వాయిదాల మీదే." చిన్నల్లుడు వెంటనే అందుకున్నాడు: "బాబోయ్, వద్దన్నయ్యగారూ. మీలా రొక్కం పడేయడమే మేలు. ఇంకెప్పుడూ ఫైనాన్సు జోలికి పోను."

మావగారు అంతసేపు నవ్వగా ఎవరూ చూసి ఉండరు. పొడుం డబ్బా మూతపెట్టి, "పెన్సిల్ ఇలా తెండి," అని వంటింటి వైపు కేకేశారు. క్యాలెండరు దించి వెనక అట్ట మీద లెక్క మొదలెట్టారు.

"చిన్నల్లుడుగారూ, మీ నెల వాయిదా ఎంతండి?"

"నాలుగు వేల నూట ముప్పై నాలుగండి."

"అందులో అసలు 3,333, వడ్డీ 800. ఎనభై వేలకి నూటికి రూపాయి, సరిపోయింది. మొదటి నెల సరేనండి. మీరు ఏడాది కట్టారు, అసలులో నలభై వేలు తిరిగిచ్చేశారు. ఇప్పుడు వడ్డీ ఎంత?"

"ఎనిమిది వందలేనండి. వాయిదా మారదు గదండీ."

"మారదు. అదే అడుగుతున్నాను. అన్నయ్యగారు కౌలు చేస్తారుగా, ఆయన్నడగండి. ఆసామి ఇరవైనాలుగు సెంట్లు మీకు కౌలుకిచ్చాడు. నెలకో సెంటు వెనక్కి తీసేసుకుంటున్నాడు. కౌలు మాత్రం ఆఖరి నెలదాకా ఇరవైనాలుగు సెంట్లకీ కొలవమన్నాడు. కొలుస్తారా?"

పెద్దల్లుడు లేచి కూర్చున్నాడు. "అదేం కౌలండీ, ఎవడన్నా ఒప్పుకుంటాడా?"

"తమ్ముడుగారు సంతకం పెట్టారు. ఆఖరి నెల ఆయన దగ్గర వాళ్ళ డబ్బు ఉండేది 3,333 రూపాయలు. దానికి వడ్డీ ఎనిమిది వందలు. నూటికి ఇరవై నాలుగు రూపాయలండి, ఒక్క నెలకి."

మన ఊరి అప్పులో ఇలా ఉండదు. ప్రోనోటు మీద తెచ్చిన అప్పులో పదివేలు తిరిగిస్తే నోటు వెనక జమ రాస్తారు, ఆ రోజు నుంచీ ఆ పదివేలకి వడ్డీ ఆగుతుంది. నూటికి రూపాయి అనగానే మనవాడి తలలో తిరిగే లెక్క ఈ జమ లెక్కే. షోరూములో కుర్రాడు చెప్పిన రూపాయి వేరే రూపాయి. జమ పద్ధతిలోకి మార్చి చూస్తే చిన్నల్లుడి వడ్డీ ఏడాదికి పన్నెండు శాతం కాదు, ఇరవై ఒకటిన్నర. మన భాషలో నూటికి రూపాయి ఎనభై పైసలు. కొట్టులో పెద్దాయనకి చెప్పింది రెండు, పడింది నాలుగున్నర. షోరూములో చిన్నాయనకి చెప్పింది రూపాయి, పడింది రూపాయి ఎనభై. అంటే నాలుగు నెలల మటుక్కి చూస్తే ఫైనాన్సువాడే నయం! లస్కరుగారు ఈ ముక్క కూడా రాసి, కింద గీత గీశారు.

"అయితే నేనే ఫైనాన్సు తీసుకోవాల్సిందండి," అన్నాడు పెద్దల్లుడు.

"మీకు డబ్బొచ్చేది ఏడాదికి రెండుసార్లు. వాయిదా వచ్చేది పన్నెండుసార్లు. జూన్, జూలైల్లో ఎక్కణ్ణుంచి తెచ్చి కడతారు?" ఆయన క్యాలెండరు పక్కన పెట్టారు. "నాకు తెలిసింది కాలువేనండి. ఏప్రిల్లో కాలువ కట్టేస్తారు. కట్టేలోపు ఊరూరా మంచినీళ్ళ చెరువులు నింపుకుంటారు. మీది చెరువు బతుకు. నిండినప్పుడు నిండుతుంది, మళ్ళీ నీళ్ళొచ్చేదాకా దాంతోనే తాగాలి. పండగ పూట ఆ నీళ్ళతో బండి కడిగేశారు. తమ్ముడుగారిది కాలువ బతుకు. నెలనెలా వంతు వస్తుంది. ఆయన చెరువు తవ్వుకున్నారు గానీ గట్టుకి గండి వదిలేశారు."

"మరి మేమేం చెయ్యాల్సిందండి?"

జవాబు వంటింట్లోంచి వచ్చింది. ఈసారి నూనె చప్పుడు లేదు. "చిన్నబ్బాయిగారు లక్షా ఇచ్చేసి, ఆ నెల నుంచీ నాలుగు వేలు మళ్ళీ చీటీ కట్టుకోవాల్సింది. పెద్దబ్బాయిగారు దాళ్వా మాసూళ్ళయ్యాక కొనుక్కోవాల్సింది. నాలుగు నెలలు పాత సైకిలు తొక్కితే అల్లుడరికం తగ్గిపోదు గదండీ. కిందటేడు చెప్తే ఎవరు విన్నారు?"

ఇక నీతి.

ఇలాంటి కథలకి అప్పు చెడ్డదనే నీతి తగిలించడం ఆనవాయితీ. మా నాన్నల తరానికి ఆ మాట సులువు. చేతక్ స్కూటరు బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రోజుల్లో డబ్బులు కూడబెట్టుకోవడానికి కంపెనీయే గడువిచ్చేది. బండి వచ్చేలోపు సగం సొమ్ము పోగయ్యేది, తక్కువపడితే మావగారి మెడమీద పడేవాళ్ళు. మా వైపు పెళ్ళిచూపుల్లో బండి ఒక షరతుగా ఉన్న రోజులు గుర్తున్నవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఆ ఫైనాన్సుకి వడ్డీ ఎవరు కట్టారో ఆడపిల్లలనే అడగాలి. ఇప్పుడు ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం తీసుకెళ్తే మధ్యాహ్నానికి బండి చేతికిస్తారు. చెడ్డ అప్పు ఈ కథలో ఇద్దరికీ ఉంది, అప్పు మాటే వద్దన్న పెద్దాయనకే త్వరగా తగిలింది.

కాబట్టి ఈ కథ నీతి నా మటుకు ఇది: బండికి డబ్బు తీసే ముందు ఆ డబ్బుకి ఇంట్లో ఇంకేం పని ఉందో చూసుకోవాలి. పెట్టుబడి కావాల్సిన డబ్బయితే దాన్ని బండిలో పెట్టడమంటే చేనికి అప్పు తేవడమే. ఏ పనీ లేని డబ్బయితే దాన్ని బీరువాలో ఉంచి బయట వడ్డీ కట్టడం దండగ. ఎందుకంటే పని లేని డబ్బు తనంతట తనే పని వెతుక్కుంటుంది, ఆ పని ఎప్పుడూ టీవీయే అవుతుంది. ఒకటి ఒప్పుకోవాలి. నిజంగా ఆ ఎనభై వేలని ముట్టకుండా, ఆసుపత్రి ఖర్చుకో చదువుకో దాచి, జీతంలోంచి వాయిదాలు కట్టగలిగే మనుషులు ఉన్నారు. వాళ్ళకి ఏడాదికి సగటున తొమ్మిది వేల ఆరు వందల వడ్డీ ఆ ధైర్యానికి కూలి. ఖరీదు ఎక్కువే, కానీ తప్పనను. నాకు అలాంటివాళ్ళు ఇద్దరే తెలుసు. ఇద్దరూ ఆడవాళ్ళే.

రూపాయి వడ్డీ మాటకొస్తే, ఇప్పుడు అడిగి తీసుకోవాల్సిన కాగితం ఒకటుంది. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే ఇలాంటి అప్పులన్నిటికీ బ్యాంకయినా ఫైనాన్సు కంపెనీ అయినా కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, అంటే తెలుగులో అడగొచ్చు. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది, ఫైలు ఖర్చులతో సహా ఏడాదికి నిజంగా పడే రేటు అదే. షోరూము గోడ మీది అంకె వదిలేసి ఆ అంకె చూడాలి. దాన్ని పన్నెండుతో భాగిస్తే మన నూటికి ఇంత లెక్కలోకి వచ్చేస్తుంది. సున్నా వడ్డీ అని బోర్డు పెట్టినా అంతే. అసలు సున్నా వడ్డీ అనేదే లేదని, అది వేరే ఖర్చుల్లో కలిసి ఉంటుందని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకి చెప్పింది.

పండగ దాటితే ధర పెరుగుతుందండి, అంటాడు షోరూము కుర్రాడు. పెరగొచ్చు. 2025 సెప్టెంబరు 22న మాత్రం 350 సీసీ దాకా బళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఆ ముందు వారం పూలదండ వేసినవాళ్ళ మొహాలు మా వీధిలో చూశాను.

కథ ఇంకొంచెం మిగిలింది. మూడో సంక్రాంతికి చిన్నల్లుడి వాయిదాలు అయిపోయాయి. అత్తారింటికి రాగానే ఆ కబురే చెప్పాడు. మావగారు సంతోషించి, "ఎన్ఓసీ తెచ్చుకున్నారా?" అని అడిగారు.

"ఏం కాగితమండి?"

"ఆర్సీ తీయండి." తీశాడు. వెలుతురులో పెట్టి చూశారు. ఓనరు పేరు కింద ఫైనాన్సు కంపెనీ పేరు అలాగే ఉంది. బాకీ తీరినంత మాత్రాన అది పోదు. కంపెనీ దగ్గర ఎన్ఓసీ, ఫారం 35 తీసుకుని రవాణా శాఖలో ఇస్తేనే ఆ పేరు కొడతారు. అదృష్టం బాగుండి అమ్మబోయే రోజుదాకా అవసరం రాదు. అవసరం వచ్చిన రోజుకి ఆ ఫైనాన్సు ఆఫీసు ఎక్కడికి మారిందో ఎవరికీ తెలియదు.

పండగ మూడు రోజులూ ఫైనాన్సు ఆఫీసు మూత. ముక్కనుమ మర్నాడు పొద్దున్నే మావగారు ఉతికిన చొక్కా తొడుక్కుని వాకిట్లోకి వచ్చారు. భుజం మీది తువ్వాలుతో వెనక సీటు దులిపి, ఒక పక్కకి కూర్చున్నారు.

"పోనివ్వండి అల్లుడుగారూ. మెల్లిగా పోనివ్వండి, ఇంకా పరాయివాళ్ళ బండి."